చాందీపురా: వైరస్‌ను ముక్కలుగా విడదీసి చదివిన కథ

ధర్మపురి నుంచి మాట్లాడుతున్నా. ఈ ఊరి చరిత్ర అనగానే లక్ష్మీనరసింహస్వామి గుడి, ఇక్కడ దక్షిణం వైపు తిరిగి పారే గోదావరి, గుడిలో యమధర్మరాజుకున్న మందిరం, వీటి గురించే అడుగుతారు. ఇవాళ వాటి జోలికి పోవట్లేదు. ఇరవై ఏళ్ల కిందటి సంగతి ఒకటి ఉంది. దాన్ని చరిత్ర అని ఎవరూ అనరు. 2003 వానాకాలం మొదట్లో మన కరీంనగర్, పక్కన వరంగల్, ఇంకా చుట్టుపక్కల జిల్లాల్లో పిల్లల్ని తీసుకుపోయిన జ్వరం గురించి, దాని వెనకున్న వైరస్ గురించి మాట్లాడదాం. అంతకన్నా ముఖ్యంగా, అలాంటి వైరస్ ఒంట్లో ఎలా పెరుగుతుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఏ దారిన పోయారో చూద్దాం. ప్రాణం తీసే దాన్ని మొత్తంగా చేతిలో పట్టుకోకుండా, విడదీసి, భాగాలుగా చదివే దారి అది. ఆ దారిలో మన వైరస్ పేరు చాలా ముందే ఉంది. ఆ సంగతి మన జిల్లాల్లో తెలిసినవాళ్లు తక్కువ.

ముందు 2003. అప్పుడు ధర్మపురి కరీంనగర్ జిల్లాలో ఉండేది, జగిత్యాల జిల్లా 2016లో వచ్చింది. జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు ఒకే తీరు జబ్బుతో ఆస్పత్రులకు వచ్చారు. అందులో 183 మంది చనిపోయారు. అంటే సగం కంటే ఎక్కువ. పొద్దున ఆడుకున్న పిల్లకు మధ్యాహ్నం జ్వరం, వాంతులు, సాయంత్రానికి ఫిట్స్, తర్వాత స్పృహ పోవడం. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. ఏడాది నిండని పసివాళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లల దాకా ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్లకు ఏమీ కాలేదు.

పేపర్లు 'మెదడువాపు' అన్నాయి. ఆ మాట మన దగ్గర అంతకుముందే ఉంది, జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు జనం వాడుకునే మాట అది. అందుకని మొదట అనుమానం దాని మీదికే పోయింది. కానీ జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ఇంత తొందరగా చంపదు. నమూనాలు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్లాయి. అక్కడ బి.ఎల్. రావు, ఆయన తోటివాళ్లు రోగుల నమూనాలను రకరకాల కణాల్లో పెంచి చూశారు. ఆరు నమూనాల్లో వైరస్ దొరికింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే తుపాకీ గుండు ఆకారం. ఆ ఆకారం చూడగానే వైరస్ చదివినవాళ్లకు కుటుంబం తెలిసిపోతుంది. కుక్కకాటు జబ్బు రేబిస్ వైరస్‌ది కూడా అదే కుటుంబం. జన్యుక్రమం చూస్తే 1965లో దొరికిన చాందీపురా వైరస్‌కు చాలా దగ్గరగా ఉంది, అచ్చంగా అదే కాదు. ఈ పరిశోధన 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది.

చాందీపురా అనేది నాగపూర్ దగ్గర ఊరు. 1965లో ఆ ప్రాంతంలో జ్వరాలు విపరీతంగా ఉన్నప్పుడు, డెంగీ, చికున్‌గున్యా వెతుకుతూ పుణె వాళ్లు రక్తాలు తీసుకున్నారు. ఇద్దరి రక్తంలో ఏ లెక్కకూ రాని వైరస్ ఒకటి కనబడింది. భట్, రోడ్రిగ్స్ 1967లో దాని గురించి రాశారు, ఊరి పేరే పెట్టారు. (ఊరి పేరు జబ్బుకు పెట్టడం ఇప్పుడు తప్పు అంటున్నారు, ఆ ఊరివాళ్లను అడిగితే ఏమంటారో!) మహారాష్ట్రలోనే ఇసుక ఈగల్లో కూడా అది దొరికింది. 1980లో రాయపూర్‌లో మెదడు జబ్బు వచ్చిన రోగి రక్తంలో ఒకసారి కనబడింది. అంతే. పెద్ద ప్రమాదం లేని వైరస్‌ల జాబితాలో పడి ఉంది. దానికోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టినవాళ్లు లేరు, భయపడినవాళ్లూ లేరు.

సరే, ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. వైరస్ దొరికింది, పేరు తెలిసింది. డాక్టర్‌కు దాంతో సగం పని కూడా కాదు. మందు చేయాలంటే అది కణంలోకి పోయి ఒకటి నుంచి వేలు ఎలా అవుతుందో తెలియాలి. ఆ తయారీలో ఎక్కడ అడ్డం పడొచ్చో తెలియాలి. అది చూడాలంటే వైరస్‌ను పెంచాలి. పెంచితే పెంచినవాళ్లకే ప్రమాదం. ప్రాణాంతక వైరస్‌లకు గాలి కూడా బయటికి పోని గదులు కావాలి, మనుషులు గాలి గొట్టం పెట్టుకున్న సూట్లు వేసుకోవాలి. వీటిని బీఎస్ఎల్-4 ల్యాబులు అంటారు. పుణె వైరాలజీ సంస్థలో అలాంటిది 2012 చివర్లో గానీ రాలేదు. దేశంలో ఉన్న వేలమంది పరిశోధక విద్యార్థుల్లో ఎంతమందికి ఆ గది తలుపు తెరుచుకుంటుంది? కాబట్టి వేరే దారి వెతకాలి. ఆ దారి మన దేశంలో కాకుండా అమెరికా పశువుల కొట్టాల్లో మొదలైంది.

మన రైతులకు గాలికుంటు తెలుసు. పశువు నోట్లో, గిట్టల దగ్గర పొక్కులు వస్తాయి. అమెరికా ఖండాల్లో పశువులకు, గుర్రాలకు చూడటానికి అచ్చం అలాగే ఉండే ఇంకో జబ్బు వస్తుంది. 1925లో ఇండియానా రాష్ట్రంలో పశువుల నుంచి ఆ వైరస్‌ను వేరుచేశారు. పేరు వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్, పొట్టిగా వీఎస్‌వీ. మనిషికి సోకితే మామూలుగా నాలుగు రోజుల జ్వరంతో పోతుంది. ల్యాబులో ఇట్టే పెరుగుతుంది, రాత్రికి రాత్రి కోట్లలో తయారవుతుంది. పరిశోధకుడికి ఇంతకన్నా ఏం కావాలి? చాందీపురాకు ఇది దాయాది. రెండింటికీ అవే అయిదు జన్యువులు, అదే వరస, పొడవు కూడా దాదాపు ఒకటే, పదకొండు వేల పైచిలుకు అక్షరాలు.

1970లో డేవిడ్ బాల్టిమోర్, ఆలిస్ హువాంగ్, మార్తా స్టాంప్‌ఫర్ ఈ వీఎస్‌వీ మీద ఒక పని చేశారు. వైరస్‌ను శుభ్రం చేసి, సబ్బులాంటి ద్రవంతో పై పొర కరిగించి, గాజు గొట్టంలో ఆర్ఎన్ఏకు కావలసిన ముడిసరుకు పోశారు. కణం లేదు, జంతువు లేదు. అయినా గొట్టంలో ఆర్ఎన్ఏ తయారైంది. అంటే ఆర్ఎన్ఏ రాసే యంత్రాన్ని వైరస్ తన వెంటే మోసుకొస్తుందన్నమాట. అదే ఏడాది బాల్టిమోర్ ఇదే ఆలోచనతో క్యాన్సర్ వైరస్‌లలో ఇంకో ఎంజైమును పట్టుకున్నాడు, దానికి 1975లో నోబెల్ వచ్చింది. అందరికీ ఆ నోబెలే గుర్తుంది. నా లెక్కలో మాత్రం ఆ వీఎస్‌వీ గొట్టం తక్కువది కాదు. పై పొర కరిగిపోయిన వైరస్ ఇక అంటించే శక్తి దాదాపు లేని సరుకు. దాన్ని బల్ల మీద పెట్టి ప్రశ్నలు అడగొచ్చు.

ఏం ప్రశ్నలో చెప్తా. ఎమ్మార్వో ఆఫీసులో రిజిస్టర్ గుర్తుకు తెచ్చుకోండి. మీరు పోయి మీ సర్వే నంబరుకు పహాణీ నకలు అడుగుతారు, గుమాస్తా ఆ ముక్క ఒక్కటే రాసిస్తాడు. ఇది ఒక పని. రిజిస్టర్ పాతబడితే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మొత్తం తిరగరాయాలి. అది వేరే పని. వైరస్ కూడా ఈ రెండు పనులూ చేయాలి. మొదట ఒక్కో జన్యువుకు విడిగా నకళ్లు తీస్తుంది, వాటితో ప్రోటీన్లు తయారవుతాయి. తర్వాత ఎక్కడా ఆగకుండా మొత్తం జన్యువును రాస్తుంది, దానికి మళ్లీ నకలు రాస్తుంది, అప్పుడే కొత్త వైరస్ పుడుతుంది. విచిత్రం ఏమిటంటే రెండు పనులూ చేసే గుమాస్తా ఒక్కడే. ఎల్ అనే పెద్ద ప్రోటీన్. వాడికి పక్కన సహాయకుడు పి అనే ప్రోటీన్. రిజిస్టర్ పేజీలకు చుట్టిన అట్ట ఎన్ అనే ప్రోటీన్. మరి చిల్లర నకళ్లు ఆపేసి మొత్తం తిరగరాయడం మొదలుపెట్టు అని ఆ గుమాస్తాకు చెప్పేది ఎవరు? ఆ మలుపు దగ్గర అడ్డం పడితే వైరస్ పెరగదు. మందు కోసం వెతికేవాళ్లకు అసలు ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్న వెంట నలభై ఏళ్లు తిరిగిన మనిషి అమెరికాలో ఉన్న అమియ బెనర్జీ. ఆయన దగ్గర ధ్రువజ్యోతి చటోపాధ్యాయ్ పనిచేశాడు. పి ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన ముద్ర పడితేనే నకళ్లు తీసే పని నడుస్తుందని ఇద్దరూ కలిసి 1987లో సెల్ పత్రికలో చూపించారు. వీఎస్‌వీ మీదే. తర్వాత చటోపాధ్యాయ్ తిరిగొచ్చి కలకత్తా విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డాడు. అక్కడ అమెరికా పశువుల వైరస్‌కు బదులు మన నేల మీద పుట్టిన దాయాదిని ఎంచుకున్నాడు. చాందీపురా. అప్పటికి దాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదని చెప్పాను కదా.

ఆ ల్యాబు పద్ధతి నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే అందులో ఖరీదైన గది లేదు, ఉపాయం ఉంది. చాందీపురా పి జన్యువును తీసి మామూలు ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టారు. బ్యాక్టీరియా ఆ ప్రోటీన్‌ను బోలెడంత చేసిపెడుతుంది. అయితే దానికి ఫాస్ఫేట్ ముద్ర వేసే ఎంజైము ఆ బ్యాక్టీరియాలో లేదు. వేరే ఎవరికైనా అది లోపం. వీళ్లకు అదే వరం అయింది. ముద్ర లేని పి ఉత్తదిగా దొరికింది. అందులో కొంత తీసి కేసీన్ కైనేజ్-2 అనే ఎంజైముతో ముద్ర వేశారు. ఇప్పుడు రెండు రకాల పి పక్కపక్కన ఉన్నాయి, ఏది ఏం చేస్తుందో చూడొచ్చు. చూస్తే ముద్ర ఉన్నది చిల్లర నకళ్లు తీసే పనికి కావాలి. ముద్ర లేనిది వైరస్ జన్యువు మొదట్లో పుట్టే చిన్న తునకకు, యాభై అక్షరాలు కూడా లేని లీడర్ ఆర్ఎన్ఏకు, అంటుకుంటుంది. మొత్తం తిరగరాయడం మొదలయ్యే మలుపు ఇక్కడే ఉండొచ్చు అన్నారు. సౌమెన్ బసక్, చటోపాధ్యాయ్, బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన ఎం.ఎస్. షైలా, మరికొందరు కలిసి రాసిన ఈ పని వైరాలజీ పత్రికలో ఎప్పుడొచ్చిందో తెలుసా? 2003లో. మన దగ్గర పిల్లలు పోయిన ఏడాదే.

వైరస్‌ను అసలు ముట్టలేదని కాదు. ఎన్ ప్రోటీన్ చుట్టుకున్న అసలు జన్యువు కావాలంటే ముందు వైరస్‌ను పెంచి తీయాలి. కానీ అసలు ప్రశ్నను అడిగింది, జవాబు రాబట్టింది విడి భాగాలతో. ఆ భాగాలు ఎవరికీ జ్వరం తెప్పించవు.

పూర్తి జన్యువు కూడా అక్కర్లేని పద్ధతి ఇంకొకటి అప్పటికే వచ్చేసింది. అలబామాలో గెయిల్ వెర్ట్జ్, అసిత్ పట్నాయక్ 1990లో చేశారు. వీఎస్‌వీ పెరిగేటప్పుడు ఒక్కోసారి కుంటి జన్యువులు పుడతాయి, మధ్య భాగం అంతా ఊడిపోయి చివరలే మిగిలినవి. రిజిస్టర్‌లో మధ్య పేజీలన్నీ చింపేసి అట్టలు మాత్రం మిగిలినట్టు. వీళ్లు ఆ కుంటి జన్యువును కణంలో పెట్టి, ఎన్, పి, ఎల్ ప్రోటీన్లను విడిగా డీఎన్ఏ ముక్కల నుంచి తయారుచేయించారు. ఆ కుంటిది మొత్తం తిరగరాయబడింది. అంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో చెప్పే గుర్తులు చివరల్లోనే ఉన్నాయి. మధ్యలో వైరస్‌ను వైరస్ చేసే జన్యువులు లేవు కాబట్టి బయటికి పోయి ఎవరికీ అంటే ప్రమాదం లేదు. తర్వాత ఇలాంటి వాటికి మినీజీనోమ్ అని పేరొచ్చింది. జర్మనీలో ఎల్కే ముల్‌బెర్గర్ బృందం 1998, 1999లలో మార్‌బర్గ్, ఎబోలా వైరస్‌లకు ఇదే పద్ధతిని తీసుకుపోయింది. ఎబోలాకు అదనంగా ఇంకో ప్రోటీన్ కూడా కావాలని అలాగే బయటపడింది. సూట్ల గదిలోకి పోకుండానే ఎబోలా రాతపనిని మామూలు ల్యాబులో చూడగలిగారు. ఎబోలా మీద పనిచేసే మందుల వేటలో ఈ కుంటి జన్యువులను కూడా వాడతారు.

ఇంతవరకు విని, అయితే ముక్కలతోనే పని అయిపోతుంది కదా, అసలు వైరస్ ఎందుకు అనిపించొచ్చు. అలా అవదు. ఇందులో నా అభిప్రాయం కొంచెం గట్టిగానే ఉంది.

దాయాది అన్నంత మాత్రాన అదే మనిషి కాదు. ఇందాక చెప్పిన పి ప్రోటీన్‌నే తీసుకోండి. వీఎస్‌వీలో ముద్ర మూడు చోట్ల పడుతుంది. చాందీపురాలో ఒక్కచోటే, 62వ స్థానంలో ఉన్న సెరీన్ మీద. వీఎస్‌వీ మీద తెలిసింది అంతా చాందీపురాకు కళ్లు మూసుకుని అంటగడితే పప్పులో కాలేసినట్టే. ఇంకా పెద్ద విషయం ఏమిటంటే, పిల్లాడు ఎందుకు చనిపోయాడో ఏ మినీజీనోమూ చెప్పదు. 2003లో ఇది నిజంగా మెదడు వాపేనా అని గొడవ నడిచింది. వెల్లూరు వైరాలజిస్టు టి. జాకబ్ జాన్ ఇది అంతుచిక్కని జబ్బా లేక మనం గుర్తించలేకపోయిన పాత జబ్బా అని అదే ఏడాది ప్రశ్నించారు. హైదరాబాద్ నీలోఫర్ పిల్లల డాక్టర్లు దీన్ని మెదడు రక్తనాళాల మీద దాడిగా చూసి 'ఎపిడెమిక్ బ్రెయిన్ అటాక్' అని పేరు పెట్టారు. లాన్సెట్ వ్యాసం మాత్రం చాందీపురా వల్ల వచ్చిన మెదడువాపు అన్నది. మంచం పక్కన నిలబడి చూసినవాళ్లకూ, ల్యాబులో చూసినవాళ్లకూ ఒక్క మాట మీద కుదరలేదు. ఇలాంటి ప్రశ్నకు జవాబు కావాలంటే రోగి కావాలి, జంతువు కావాలి, బతికున్న వైరస్ కావాలి. 2013లో మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో అనిర్బన్ బసు బృందం ఎలుకల్లో చూసింది. ఈ వైరస్ సోకిన మెదడు కణాలు ఫాస్ అనే సంకేతం దారిలో తమంతట తామే చచ్చిపోతున్నాయని చెప్పింది. అది బ్యాక్టీరియాలో చేసిన ప్రోటీన్‌తో తేలే సంగతి కాదు.

మన వైపు కూడా పని జరిగింది, అది చెప్పకపోతే అన్యాయం. కరీంనగర్ జిల్లాలో ఇసుక ఈగల్ని పట్టి చూస్తే వాటిలో చాందీపురా ఆనవాలు దొరికింది, 2005లో ఆ వ్యాసం వచ్చింది. ఇసుక ఈగ అంటే ఇసుకలో ఉండేది అనుకోకండి. దోమలో మూడో వంతు కూడా ఉండదు, మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టంలో, తేమ ఉన్న చీకటి మూలల్లో ఉంటుంది, పెద్దగా ఎగరలేదు, గెంతుతుంది. మృగశిర కార్తె దాటి తేమ మొదలయ్యాక పెరుగుతుంది. మన పాత ఇళ్లు గుర్తు చేసుకుంటే మీకే అర్థమవుతుంది. తర్వాత 2005 మే నుంచి ఏడాదిపాటు ఉత్తర తెలంగాణ నుంచి ఆస్పత్రికి వచ్చిన మెదడు జ్వరం పిల్లల్ని పరీక్షిస్తే, వైరస్ వల్ల వచ్చిందని నిర్ధారించిన కేసుల్లో దాదాపు సగం చాందీపురావే అని తేలింది. పేపర్లలో వార్త ఆగిపోయింది గానీ జబ్బు ఆగలేదు.

ఇంకో ముక్క చెప్పి ముగిస్తా. ఆ పశువుల వైరస్ వీఎస్‌వీ ఉంది కదా, దాని జన్యువు మొత్తాన్ని డీఎన్ఏ నుంచి మళ్లీ బతికించడం 1995లో జాక్ రోజ్ బృందం సాధించింది. అప్పటి నుంచి దానికి చొక్కా మార్చడం సులువైంది. దాని పైనున్న ప్రోటీన్ తీసేసి ఎబోలా ప్రోటీన్ తొడిగారు. 2015లో గినీలో దాన్ని జనం మీద పరీక్షించారు, 2019 చివర్లో యూరప్, అమెరికా రెండూ దాన్ని ఎబోలా టీకాగా ఒప్పుకున్నాయి. పైన ప్రమాదకర వైరస్ చొక్కా, లోపల ఒక్కసారి మాత్రమే కణంలోకి దూరగలిగే వీఎస్‌వీ ఉండే నకిలీ వైరస్‌లను కూడా ఇలాగే చేస్తున్నారు. నిపా మీద, కోవిడ్ మీద రక్తంలో రక్షణ ఎంతుందో మామూలు ల్యాబుల్లో కొలవడానికి వాటిని కూడా వాడారు.

దాయాది పుణ్యాన ఎబోలాకు టీకా వచ్చింది. చాందీపురాకు మాత్రం 2024 దాకా ఆమోదం పొందిన టీకా లేదు, ప్రత్యేకమైన మందు లేదు. ఆ ఏడాది జూన్ నుంచి ఆగస్టు మధ్య దాకా గుజరాత్ వైపు మెదడు జ్వరం కేసులు 245 వచ్చాయి, 82 మంది చనిపోయారు, 64 కేసుల్లో చాందీపురా అని పరీక్షలో నిర్ధారణ అయింది. మళ్లీ అదే నెలలు, ఎక్కువగా అదే వయసు పిల్లలు. జ్వరం దించడం, ఫిట్స్ ఆపడం, ఊపిరి నిలబెట్టడం, 2003లో మన డాక్టర్లు చేసినవే అక్కడా చేశారు.

2003లో మన మండలాల్లో పనిచేసిన ఏఎన్ఎంలు, కాంపౌండర్లు, నమూనాల డబ్బాలు మోసిన డ్రైవర్లు ఎవరైనా ఇది వింటుంటే, మీకు గుర్తున్నంత వరకు రాసిపెట్టండి. తేదీ, ఊరు, ఆ ఇంటి గోడ ఎలాంటిది, కొట్టం ఎంత దూరం, ఎన్ని గంటలకు ఆస్పత్రికి చేరారు, అంత చాలు. పిల్లల పేర్లు అక్కర్లేదు.